మీదికి చూసే మిరప

నేను జనగామలో ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్తాను. ఇరవై ఏళ్ళు దాటింది. ఏటా జన్యుశాస్త్రం పాఠం వచ్చేసరికి బోర్డు మీద నాలుగు గళ్ళు గీసి, వాటిలో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ నింపి, బహిర్గతం, అంతర్గతం, దృశ్యరూపం, జన్యురూపం అని రాయించి కింద గీత కొట్టించేదాన్ని. పిల్లలు బట్టీ పట్టేవారు. నిజం చెప్పాలంటే నేనూ బట్టీ పట్టినదాన్నే. ఆ మాటలు మట్టిలో మొలుస్తాయని, తల్లీబిడ్డల మధ్య మాటలు కూడా ఆపేస్తాయని నాకు మా అమ్మ మిరప సాళ్ళ దగ్గరే తెలిసింది.

మా పుట్టిల్లు గార్ల పక్క పల్లె. మహబూబాబాద్ దాటాక రైలు దిగి ఆటో ఎక్కితే పావుగంట. అమ్మ అక్కడ అన్నా వదినలతో ఉంటుంది. ఉంటుందనడం కన్నా వాళ్ళ మీద పెత్తనం చేస్తుందనడం సబబు. అన్న రెండెకరాల్లో హైబ్రిడ్ మిరప వేస్తాడు. ఆ కాయలు సన్నగా, పొడుగ్గా, ఆకుల చాటున కిందికి వేలాడుతుంటాయి. బావి దగ్గర నాలుగు సాళ్ళు మాత్రం అమ్మవి. వాటి జోలికి అన్న కూడా పోడు.

ఆ నాలుగు సాళ్ళలో ఉండేది వేరే మిరప. కాయ పొట్టిగా, బొటనవేలంత లావుగా ఉంటుంది. తొడిమ కిందికి, మొన పైకి. చెట్టంతా కాయలు నిక్కి ఆకాశంలోకి చూస్తుంటాయి. ఇంట్లో దాన్ని మీదిచూపు మిరప అంటాం. పచ్చడి నూరితే ఇల్లంతా వాసనే. మా నాయిన బతికున్నప్పుడు ఆ పచ్చడి లేని రోజు కంచం ముందు అలిగిన మనిషిలా కూర్చునేవాడు.

ఆ విత్తనం అమ్మ పుట్టింటిది. అమ్మది భూపాలపల్లి వైపు ఘనపూర్ దగ్గరి పల్లె. ఘనపూర్ అనగానే మా కాలేజీలో అందరూ లింగాల ఘనపూరా అంటారు. అది కాదు, అడవి అంచున ఉన్నది. పెళ్ళయి వచ్చేటప్పుడు మా అమ్మమ్మ ఎండిన సొరకాయ బుర్రలో బూడిద కలిపిన మిరప విత్తనాలు పోసి, మూతికి గుడ్డ కుక్కి, అమ్మ చేతికిచ్చిందట. బంగారం ఏమి పెట్టిందో అమ్మ ఎన్నడూ చెప్పలేదు. బుర్ర సంగతి మాత్రం వందసార్లు చెప్పింది.

విత్తనం కట్టడంలో అమ్మకు ఒక పద్ధతి ఉంది. రెండో కోతకు ముందు పాత చీర చించి పేలికలు చేసుకుని సాళ్ళలోకి దిగుతుంది. ప్రతి చెట్టు ముందూ ఆగుతుంది. ఆకు తిప్పి చూస్తుంది, మొదలు పట్టి ఊపి చూస్తుంది. గట్టు మీది చెట్టును ఎంచదు. దానికి ఎండా గాలీ ఎక్కువ దొరుకుతాయి, అది దాని గొప్ప కాదంటుంది. చివరికి నాలుగైదు చెట్లకు పేలికలు కడుతుంది. ఇక ఆ చెట్టు మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. మిరప ఏరే కూలీ ఆడవాళ్ళు పేలిక చూసి పక్క చెట్టుకు పోతారు. కాయలు చెట్టు మీదే పండి, ముడతలు పడ్డాక, వాటినే విత్తనానికి తీస్తారు. మా ఊళ్ళో ఎవరి చేన్లోనైనా పేలిక కనబడితే అది విత్తనం చెట్టు. దీన్నే మా పుస్తకం కృత్రిమ వరణం అంటుంది. ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పోతుంది. నేనూ అట్లాగే పోయేదాన్ని.

నా బుద్ధి గడ్డి తిన్నది ఒక దీపావళి సెలవుల్లో. ఇన్నేళ్ళుగా సంకరణం సంకరణం అని బోర్డు మీద గీయడమే తప్ప చేతితో ఒక్కసారీ చేయలేదని ఉన్నట్టుండి సిగ్గేసింది. రెండు రకాల మిరపా ఇంట్లోనే ఉంది. ఇంకేం కావాలి? అమ్మ సాళ్ళలో ఒక మంచి చెట్టును ఎంచుకున్నాను. విచ్చుకోబోయే మొగ్గలు ఓ పదింటిని చీల్చి, సూదిమొనతో లోపలి కేసరాలు తీసేశాను. దానికి విపుంసీకరణ అని నోరు తిరగని పేరుంది. అన్న చేన్లోంచి హైబ్రిడ్ పూలు తెచ్చి, వాటి పుప్పొడిని ఈ మొగ్గలకు అద్దాను. ఆ చెట్టు మీది మిగతా పూలనూ పిందెలనూ ఒక్కటి కూడా ఉంచకుండా గిల్లేశాను. సెలవులున్నన్ని రోజులూ కొత్తగా వచ్చిన మొగ్గలను కూడా నేనే గిల్లాను, ఎవరికీ చెప్పలేదు. గుర్తుకు దారం కడితే గాలికి ఊడిపోయింది. దండెం మీద అమ్మ పాత చీర ఉంది. అంచు చించి కట్టాను.

ఏం కట్టానో, ఎక్కడ కట్టానో ఆ క్షణాన నాకు తట్టలేదు. పాతికేళ్ళు ఆ ఇంట్లో పెరిగిన దాన్ని.

ఆ ఏడే నల్ల తామర పురుగు పడింది. పూలన్నీ ముడుచుకుని రాలిపోయాయి. అన్న మందులు కొట్టి కొట్టి అలసిపోయాడు. అదే నెలలో అమ్మకు మహబూబాబాద్ దవాఖానలో కంటి ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకుని, ఎండలోకి పోవద్దన్నారని ఇంట్లోనే కూర్చుంది. చేనంతా పోయిందని ఫోన్లో విన్నప్పుడు నా పది కాయలూ పోయే ఉంటాయనుకున్నాను. మళ్ళీ అడగలేదు. కానీ నా కాయలు పురుగు రాకముందే పట్టినవి. అవి నిలిచాయి. తల్లి చెట్టు అమ్మదే కాబట్టి అవీ నిక్కి పైకే చూస్తున్నాయి. వదిన సాళ్ళలోకి పోయి చూస్తే ఎండిన చెట్ల మధ్య పేలిక కట్టిన చెట్టు ఒక్కటే ఎర్రటి కాయలతో కనబడింది. అత్తమ్మ కళ్ళు బాగాలేని వేళ ఆమె విత్తనం కాపాడానని మురిసిపోయి, ఆ కాయలు తెచ్చి, గింజలు తీసి, బూడిద కలిపి బుర్రలో పోసింది. పాత గింజలు అప్పటికే మొలక తగ్గాయని బుర్ర దులిపి మరీ పోసింది. వదిన చేసిందాంట్లో తప్పు లేదు. ఎవరైనా అదే చేస్తారు.

మరుసటి ఏడు, కార్తీక మాసంలో ఒక పొద్దున, నేను స్టాఫ్ రూంలో ఉండగా అమ్మ ఫోన్ చేసింది.

"బిడ్డా, మిరపకాయలు తలకాయలు దించినయే."

"ఏమైందవ్వా?" మా వైపు అమ్మనే అవ్వా అంటాం.

"ఏం జెప్పాలె. నాలుగు సాల్లు నాలుగు సాల్లు గట్లనే ఉన్నయ్. ఒక్కటన్న మీదికి సూస్తలేదు."

నా చేతిలో సుద్దముక్క ఉంది. అది విరిగింది. అమ్మ ఇంకా ఏదో చెప్తోంది గానీ నాకు చీర అంచు, దండెం, ఆ చెట్టు మాత్రమే కనబడుతున్నాయి. నాలుగు గళ్ళ బోర్డు వెనక నుంచి ఒక్కసారిగా అంతా అర్థమైంది. కిందికి వేలాడే గుణం బహిర్గతం. పైకి చూసే గుణం అంతర్గతం. రెండింటినీ కలిపితే మొదటి తరం మొత్తం తల దించుకుంటుంది, ఒక్కటీ మిగలదు. అడిగితే మా క్లాసులో ఆఖరి బెంచీ పిల్ల కూడా చెప్తుంది.

ఆ ఆదివారమే పోయాను. అమ్మ బావి గట్టు మీద కూర్చుని ఉంది. సాళ్ళు ఏపుగా ఉన్నాయి, కాయలు బాగా పట్టాయి, అన్నీ నేల చూస్తున్నాయి. ఆమె నా మొహం చూడకుండా అన్నది:

"నా కండ్లు పోయిన్నాడే ఇత్తనం పోయింది. నేను సూసి కట్టుకుంటే గిట్ల గాకపోవు. మా అవ్వ ఇచ్చినదాన్ని నేనే పోగొట్టిన."

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. వాతావరణం మారుతోంది, మందులు ఎక్కువయ్యాయి అని ఏవేవో అన్నాను. అబద్ధం కూడా సరిగా ఆడలేదు. అమ్మ తలాడించింది. ఆ తలాడింపు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అయితే ఒక ఆశ ఉండింది. మా అక్కను మేనమామ కొడుక్కే ఇచ్చారు. అంటే అక్క అత్తిల్లు అమ్మ పుట్టిల్లే, ఆ విత్తనం పుట్టిన ఇల్లు. అక్కడ గుప్పెడు గింజలు దొరికితే తప్పు చెప్పకుండానే తప్పించుకోవచ్చు. మరుసటి సెలవు రోజు బస్సులో ఘనపూర్ పోయాను. అక్క కాళ్ళకు నీళ్ళిచ్చి, నేను అడిగింది విని నవ్వింది.

"ఏడున్నదే సెల్లే? అమ్మమ్మ పోయినంక బుర్ర పురుగువట్టింది. పత్తి వెట్టవట్టి ఎన్నేండ్లాయె! కారం ప్యాకెట్టే కొంటున్నం జర సూడు."

నాకు ఏడుపొచ్చింది. పక్కన కూర్చుని చదువుకుంటున్న అక్క కూతురు తలెత్తి నన్ను చూసింది. దాని కళ్ళు తేనెరంగు, పిల్లికళ్ళు. మా ఇళ్ళలో ఇంకెవరికీ లేవు. పుట్టినప్పుడు ఊళ్ళో గుసగుసలు పుడితే, అమ్మ బాలింత గది గుమ్మం దగ్గర నిలబడి, అవి తన తాత కళ్ళని, ఎవరికేం అనుమానమో ముందుకొచ్చి అడగండని అరిచింది. ఎవరూ ముందుకు రాలేదు. నేను ఆ కళ్ళనే చూస్తుండగా వదిన ఫోన్ వచ్చింది. అమ్మ ఆ సాళ్ళు రేపు పీకించి పశువులకు వేయిస్తుందట. ఇక వాటి మొహం చూడనన్నదట.

ఆ చెట్లు పీకేస్తే నిజంగానే అంతా పోతుంది. ప్రపంచంలో ఆ విత్తనం దాగి ఉన్న చోటు ఇప్పుడు అదొక్కటే. వరంగల్ వరకు బస్సు, అక్కడి నుంచి రైలు. పొద్దున్నే గార్లలో దిగి ఆటోవాడిని తొందరపెట్టి చేను చేరేసరికి అన్న కొడవలి పట్టుకుని గట్టు మీద ఉన్నాడు. అమ్మ చెట్టు మీద చెయ్యి వేసి ఉంది.

"ఆగవ్వా. నీ కండ్లది కాదు తప్పు. నాది."

నిలబడ్డ చోటే అంతా చెప్పేశాను. మొగ్గలు చీల్చింది, పుప్పొడి అద్దింది, చీర అంచు చించి కట్టింది. అమ్మ అంతా విన్నది. కోపం వచ్చినప్పుడు ఆమె గొంతు పెరగదు, తగ్గుతుంది.

"నా చీరె పేలికనా?"

"అవునవ్వా."

"గంత సదివి గిదా చేసినవ్? మొన్న గట్టు మీద నేను కండ్లని ఏడుస్తుంటే సూసుకుంట కూసున్నవా?"

అన్న మొహం తిప్పుకున్నాడు. నేను పోయి చెట్టుకు అడ్డం నిలబడ్డాను. ఇవి పీకొద్దు, పాత మిరప వీటి లోపలే ఉంది, వచ్చే ఏడు బయటికొస్తుంది అన్నాను.

"ఉంటే కనవడదా? నన్ను పిచ్చిదాన్ని జేస్తున్నవా?"

పుస్తకంలో మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ పనికి రాలేదు. అప్పుడు నిన్న చూసిన కళ్ళు గుర్తొచ్చాయి.

"అవ్వా, మీ తాత పిల్లికండ్లు మీ అవ్వనాయినలకొచ్చినయా? నీకొచ్చినయా? మామకొచ్చినయా? అక్కకు, బావకు వచ్చినయా? నడుమ మూడు తరాలు ఎవలికీ కనవడలే. మరి నీ మనవరాలికి యాడికెళ్ళి వచ్చినయి?"

అమ్మ కాయను వేళ్ళ మధ్య పెట్టుకుని తిప్పుతోంది. నెమ్మదిగా అడిగింది.

"అంటే, నా లోపట గూడ ఉండెనా?"

"ఉండె. మామ లోపట గూడ ఉండె. మేనరికం చేసినంక రెండూ ఒక్కకాడ కలిసినయి."

"ఇన్నేండ్లు నా లోపట మా తాత కండ్లు ఉండెనా?" అని మళ్ళీ అన్నది, ఈసారి నన్ను కాదు. చేతిని కంటి దాకా తీసుకుపోయి ఆపింది. నేను ఇరవై ఏళ్ళుగా చెప్తున్న అంతర్గతం అనే మాటను అంత ఆశ్చర్యంతో విన్న మనిషిని నేను చూడలేదు. నాకూ అప్పుడే మొదటిసారి విన్నట్టయింది. మూడు తరాల మనుషులు పుట్టి, పెరిగి, ఏడ్చి, నవ్వారు; ఆ కళ్ళ తాలూకు చిన్న కబురు మాత్రం చెక్కుచెదరకుండా, దేనితోనూ కలిసిపోకుండా వాళ్ళ ఒంట్లో కూర్చునే ఉంది.

"ఉండనియ్యి" అని అన్నతో అన్నది. నాతో మాత్రం, "ఇత్తనం నువ్వే తీస్కో. గీ నేలసూపు దానికి నేను పేలిక కట్టనే కట్ట" అన్నది.

దోమతెర కొని తెచ్చి తేనెటీగలు రాకుండా రెండు చెట్లకు కప్పాను. విత్తనం నేనే తీశాను. ఆ ఎండాకాలమంతా అమ్మ నాతో ముక్తసరిగానే మాట్లాడింది. తిన్నవా, పిల్లలు మంచిగున్నరా, సరే. అంతే. క్లాసులో పృథక్కరణ సూత్రం వచ్చింది. నాలుగింట ఒకటి తిరిగి బయటపడుతుందని పిల్లలకు ధైర్యంగా చెప్పి, ఇంటికొచ్చి, ఒకవేళ రాకపోతే అని భయపడేదాన్ని. ఇన్నేళ్ళు చెప్పిన పాఠం నిజమో కాదో అన్న భయం అది. నవ్వొస్తుంది గానీ నిజం.

మూడో ఏడు, మళ్ళీ అదే రోజుల్లో ఫోన్ వచ్చింది.

"రా" అని పెట్టేసింది.

చేను దగ్గరికి పోయేసరికి అమ్మ సాళ్ళ మధ్య నిలబడి ఉంది. నేను గట్టు మీదే ఆగిపోయాను. తల దించిన కాయల చెట్ల నడుమ, ఇక్కడొకటి, అక్కడొకటి, అటు రెండు, చిన్న చిన్న పచ్చటి కాయలు నిక్కి పైకి చూస్తున్నాయి. చెప్పులు విడిచి సాళ్ళలోకి దిగాను.

ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. ఎనభై ఎనిమిది చెట్లలో ఇరవై మూడు. నా నాలుగు గళ్ళ ప్రకారం ఇరవై రెండు రావాలి. మట్టి, వాన, పురుగు, మా వదిన పోసిన నీళ్ళు, ఇన్నింటిని దాటుకుని ఆ లెక్క అంత దగ్గరగా వచ్చి నిలబడింది. ఎక్కడో మఠంలో ఒక సన్యాసి బఠాణీ మొక్కల ముందు వంగి లెక్కపెట్టినప్పుడు ఆయనకూ ఇట్లాగే అనిపించి ఉంటుంది.

సాలు కొసన ఒక గొరవంక కాయను పొడుస్తోంది. అమ్మ ఎప్పుడూ కొసన రెండు చెట్లు పిట్టలకు వదిలేస్తుంది. వాటికి కారం తెలియదంటుంది. అది అక్షరాలా నిజమని నేను పుస్తకంలో ఆలస్యంగా చదివాను. కారం మనలాంటి నమిలే నోళ్ళకే. పిట్టకు మండదు, గింజను నలపదు, దూరం తీసుకుపోయి వేస్తుంది. అందుకే అడవి మిరపలు పిట్టలకు కనబడేలా పైకే చూసేవట. వేలాడే కాయ తర్వాత ఎక్కడో పుట్టిన ఉత్పరివర్తనం. దాన్ని మనిషి ఇష్టపడి పెంచుకున్నాడు. అంటే అమ్మ మిరపది మొదటి చూపు. సముద్రాలు దాటి, ఎన్ని చేతులు మారి, ఎన్ని పేలికలు కట్టించుకుని ఈ బావి దగ్గరికి వచ్చిందో! దాన్ని నేను ఒక్క పూటలో తుడిచిపెట్టబోయాను. అది నన్ను లెక్కచేయలేదు.

రెండో కోత ముందు మళ్ళీ పోయాను. పైకి చూస్తున్నాయి కదా, అన్నీ పాత మిరపలేనని నా సంబరం. అమ్మ ఒప్పుకోలేదు. ఇరవై మూడు చెట్ల దగ్గరా ఆగింది. కాయ తుంచింది, వాసన చూసింది, కొరికింది, నీళ్ళు కారే కళ్ళతో తల అడ్డంగా ఆడించింది. కొన్ని సన్నగా ఉన్నాయి, కొన్ని కారమే తప్ప వాసన లేనివి. చూపు ఒక్క జన్యువు పని. రుచి, వాసన ఎన్ని జన్యువులు కూడి చేసే పనో. నాకు పేర్లు తెలుసు, ఆమెకు నాలుక తెలుసు. చివరికి నాలుగు చెట్లు తేల్చింది.

"ఇంక నాలుగైదేండ్లు పడ్తది అసలుది రావాల్నంటే" అన్నది. డెబ్భై దాటిన మనిషి, ఏమీ కానట్టు అన్నది.

కొంగులోంచి పేలికలు తీసి నాలుగింటినీ నా చేతికిచ్చింది. ఏడాది దాటాక ఆమె నా చేతికిచ్చిన మొదటి వస్తువు అవి. నేను ఒక్కో చెట్టుకూ ముడి వేస్తుంటే వెనక నిలబడి చూసింది. నాలుగూ కట్టి తిరిగేసరికి ఆమె దగ్గర ఐదో పేలిక ఉంది. పక్క సాలులో తల దించుకున్న కాయల చెట్టు ముందు వంగి, దాని మొదలుకు కడుతోంది.

"అది వద్దవ్వా" అని కంగారుపడ్డాను. "అది నేలసూపుది. మళ్ళ కలుస్తది."

"దీని ఇత్తనం దూరం వెడ్త తియ్యి, బావి అవుతలి దిక్కు" అన్నది. ముడి గట్టిగా బిగించి, నడుం పట్టుకుని లేచి నిలబడింది. "ఏడాదంత కడుపుల దాసుకొని మా అవ్వ సొమ్ము మల్ల నాకిచ్చింది గీ జాతే గదా. నేను దీన్ని పీకెయ్యమంటి."

ఆ చెట్టు ఆకుల మీద ఒకసారి చెయ్యి తిప్పి, నా వైపు చూసింది.

"నడువు బిడ్డా, అన్నం తిందాం. పచ్చడి నూరిన."